నలభై ఒక్క నిమిషాల గీత

దెయ్యాలకి రాత్రే కావాలని చెప్పినవాళ్ళు రికార్డింగు గది ఎప్పుడూ చూసి ఉండరు. దానికి కిటికీ ఉండదు. గోడలనిండా చప్పుడు పీల్చుకునే దళసరి నురుగు పలకలు, ఫోము అంటారే అవి. తలుపు వేశామంటే ఎండా వానా రెండూ బయటే ఆగిపోతాయి. నాకు జరిగింది పొద్దున్న పదకొండు గంటలకి. బయట ఎండ మాడ్చేస్తోంది.

ముందు నా పనేమిటో చెప్పాలి, లేకపోతే తక్కినదేదీ అర్థం కాదు. పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మా కంపెనీ తయారుచేస్తుంది. దాని మొహం గీసేది నేను. తెరమీద ఏ బటను ఎక్కడుండాలి, ఎంతుండాలి, ఏ రంగులో ఉండాలి, ఇదీ నా ఉద్యోగం. బటన్లకి రంగులేసినందుకు కూడా జీతమిస్తారా అని చుట్టాలు నవ్వుతారు. చాలా ఏళ్ళు నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

అన్నయ్య మాత్రం నవ్వేవాడు కాదు. తిట్టేవాడు.

అన్నయ్యది రికార్డింగు స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక దర్జీ కొట్టు వెనకాల ఒకే ఒక్క గది. ముప్ఫయ్యేళ్ళు అందులోనే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. నేను చేసుకున్నాను, అది నిలబడలేదు, వేరే ఊళ్ళో ఒంటిగా ఉంటున్నాను. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. ఇక మిగిలింది మేమిద్దరమే. ఆదివారం ఆదివారం ఫోను. పేరుకి కుశల ప్రశ్నలు రెండు, ఆ తరవాత గంటసేపు బటన్ల మీద పోట్లాట.

మా పాత తెరలో రికార్డు మొదలైతే పైన పట్టీ అంతా ఎర్రగా మండేది. అదే సమయానికి స్టూడియో తలుపు బయట ఒక ఎర్ర దీపం వెలిగేది. లోపల పని జరుగుతోంది, ఎవరూ రావద్దని దానర్థం. కిందటేడు నేను కొత్త తెర గీశాను. ఎరుపు మరీ గోలగా ఉందని తీసేశాను. అన్నిటికీ బూడిదరంగు, లేత బూడిద, ముదురు బూడిద. దీపం వెలిగించే ఏర్పాటుని ఈ కాలంలో ఎవరు వాడతారని అదీ పీకేశాను. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు.

"ఒసేయ్, రికార్డు అవుతోందో లేదో నాకెలా తెలుస్తుందే?" అన్నాడు అన్నయ్య ఆ ఆదివారం.

"గీత కొంచెం తెల్లబడుతుంది అన్నయ్యా. సరిగ్గా చూడు."

"బూడిదలో బూడిద పోస్తే ఏం కనబడుతుందే నా మొహం! నాకు చత్వారం."

"అందంగా లేదూ?"

"అందంగానే ఉంది. పనికే రాదు. నా దీపం కూడా చచ్చిపోయింది, తెలుసా?"

అలవాటు పడితే అదే వస్తుందిలే అన్నాను. ఆ మాట నేను ఎంతమందితో అన్నానో.

ఎనిమిది నెలల కింద ఒక ఆదివారం వాడు పోట్లాడలేదు. గొంతు మెత్తగా ఉంది. "నీకొకటి చెప్పాలే చెల్లీ. ఫోన్లో కుదరదు, మధ్యలో నువ్వు నోరు పెడతావు. రికార్డు చేసి పెడతాను, తీరిగ్గా విను," అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. గురువారం మధ్యాహ్నం దర్జీ స్టూడియో తలుపు తీసి చూస్తే, అన్నయ్య కుర్చీతో సహా కింద పడి ఉన్నాడు. ఆసుపత్రిలో రెండు రోజులు బతికాడు. నోరు విప్పలేదు. చెయ్యి పట్టుకుంటే నన్ను చూసి బెదిరినట్టు వెనక్కి లాక్కున్నాడు. డాక్టరు అది జబ్బు లక్షణమే అన్నాడు. నేను నమ్మాను.

ఆ రికార్డు వినడానికి ఎనిమిది నెలలు నాకు ధైర్యం చాలలేదు. ఆ గది యజమాని ఖాళీ చెయ్యమంటే గానీ నా కాలు కదలలేదు.

దర్జీ తాళం చేతికిచ్చాడు. మెడలో కొలత టేపు, చెవి వెనక సుద్దముక్క. అన్నయ్యకంటే పెద్దవాడు.

"నేను కూడా రానా అమ్మా?"

"వద్దు. గంటలో తేల్చేస్తాను."

"ఇక్కడే ఉంటా. ఏం కావాలన్నా పిలవండి."

తలుపు పైన ఆ ఎర్ర దీపం దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ముందుగా స్టూలెక్కి దాని బల్బు విప్పాను. ఏదో ఒక గుర్తు ఉండాలి కదా, రుమాల్లో చుట్టి చేతిసంచిలో వేసుకున్నాను. తరవాత లోపలికి వెళ్ళి తలుపు లాగాను. దళసరి తలుపు మెల్లగా మూసుకుంది.

ఆ గది వాసన చెప్పనా? పాత తివాచీ, కాలిన వైరు, అన్నయ్య తలకి రాసుకునే నూనె. ఎనిమిది నెలలైనా వాసన పోలేదు. అక్కడ అంత నిశ్శబ్దం... నా గుండె కొట్టుకోవడం నాకే వినబడుతోంది. ఖాళీ ఇంట్లో ఉండటం నాకు అలవాటే. కానీ మా ఇంట్లో కనీసం పక్కింటి కుక్కరు కూత వినబడుతుంది.

కంప్యూటరు తెరిచాను. అందులో కడపటి ఫైలు పేరు 'చెల్లికి'. తేదీ ఆ గురువారానిది. దాన్ని నొక్కాను.

ఒకే ఒక్క ట్రాకు. నలభై ఒక్క నిమిషాలు. ఈ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం తెరమీద బొమ్మగా కనిపిస్తుంది. మాట ఉన్నచోట గీత ఉబ్బుతుంది, మాట లేనిచోట సాపుగా పోతుంది. అన్నయ్య ట్రాకు ఈ కొస నుంచి ఆ కొసదాకా సాపుగా ఉంది. ఒక్క ముడి లేదు, దర్జీ కొట్టులో పరిచిన దారంలా.

నాకు వెంటనే అర్థమైంది. మైకు తెరుచుకోలేదు. మైకు బటను మూసి ఉంటే బూడిదరంగు, తెరిస్తే ఇంకాస్త లేత బూడిదరంగు. ఆ తేడా వాడి కళ్ళకి ఆనలేదు. మూసిన మైకు ముందు కూచుని నలభై ఒక్క నిమిషాలు నాకోసం మాట్లాడాడు. ఆ మాటలన్నీ నా అందమైన తెర మింగేసింది.

ఏడ్చాను. దాచుకోవడమెందుకు, బావురుమని ఏడ్చాను. "ఏం చెప్పావు అన్నయ్యా? ఏం చెప్పావు?" అని తెరనే అడిగాను.

అది నిజంగా మూసే ఉందా అని మైకు బటను నొక్కి తెరిచి చూశాను. తేడా పోల్చుకోవడానికి తెరకి ముక్కు ఆనించాల్సి వచ్చింది. గీసిన నాకే ఈ గతి పట్టింది. సరే, ఏమీ లేకపోయినా మొదటినుంచి వింటాను, వాడు కూచున్నంతసేపూ నేనూ కూచుంటాను అనుకుని, వినే బటను నొక్కాను. తెరమీద నిలువు గీత కదిలింది. నేను ముక్కు చీదుకుంటూ, మళ్ళీ ఏడుస్తూ, వాడి కుర్చీలోనే కూచున్నాను. "ఏం చెప్పావు?" అని మళ్ళీ అడిగాను. ఆ తరవాత చాలాసేపు నోరు మూసుకుని మోకాళ్ళ మీద తల వాల్చాను.

తలెత్తేసరికి నిలువు గీత వెనకాల ట్రాకు సాపుగా లేదు. చిన్న చిన్న ఉబ్బులు.

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం సంగతి తెలిసింది. నేను నొక్కింది వినే బటను కాదు, రికార్డు బటను. రెండూ పక్కపక్కనే, రెండూ గుండ్రంగా, రెండూ ఒకే రంగు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదే. అన్నయ్య నిశ్శబ్దం మీద నా ఏడుపు రాసేశాను. పదకొండు నిమిషాలు.

ఆపాను. అలవాటు కొద్దీ, ఏం రికార్డయిందో విందామని మొదటికి వెళ్ళి, ఈసారి చూసి మరీ వినే బటను నొక్కాను.

నా ముక్కు చీదడం. కుర్చీ కిర్రుమనడం. "ఏం చెప్పావు?" అని నా గొంతు, ఎవరిదో అన్నంత దిక్కులేకుండా.

అప్పుడు ముందున్న బొమ్మ మీద నా చూపు పడింది. నా తెరలో మంచో చెడో ఒకటుంది, చెవికంటే ముందు కంటికి తెలిసిపోతుంది. రాబోయే శబ్దం అక్కడ ముందే గీసి ఉంటుంది. నా ప్రశ్న తరవాత నేను నోరు మూసుకుని ఉన్నానని నాకు బాగా గుర్తు. అక్కడ సాపుగా ఉండాలి.

సాపుగా లేదు. మూడు సన్నటి గీతలు, నిలబెట్టిన సూదుల్లా. ఆ తరవాత కొంచెం ఖాళీ. ఆ తరవాత... మాట్లాడే మనిషి గొంతుకి వచ్చే ఉబ్బులు.

నిలువు గీత అటే పోతోంది.

టక్. టక్. టక్.

గోటితో మైకు మీద కొట్టిన చప్పుడు. ముప్ఫయ్యేళ్ళుగా అది అన్నయ్య అలవాటు. ఏ రికార్డింగైనా మొదట మూడుసార్లు మైకు మీద గోటితో కొట్టి, "గదీ, వింటున్నావా?" అని, పది సెకన్లు ఉట్టి గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసేవాడు. మాటల మధ్య అతుకులు వెయ్యడానికి అది కావాలి.

"గదీ... వింటున్నావా?"

అన్నయ్య గొంతే. పక్కన కూచున్నంత దగ్గరగా.

పది సెకన్లు.

"చెల్లీ... రికార్డు అవుతోందా ఇది? ఎర్రగా లేదే..." గొణుగుతున్నాడు. "అవుతోందో లేదో... సరే. చెల్లీ, నీకు చెప్పాలని చాన్నాళ్ళుగా..."

ఆగిపోయాడు. మళ్ళీ, "అసలు అవుతోందా? అవకపోతే ఇదంతా ఎవరికి చెబుతున్నట్టు?"

ఆ ప్రశ్న విని భయం సంగతే మరిచిపోయాను. తెరని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా అరిచాను.

"అవుతోంది అన్నయ్యా! వింటున్నాను! చెప్పు!"

స్పీకర్లలో నిశ్శబ్దం.

తరవాత, చాలా చిన్నగా... "ఎవరది?"

నా చేతులు జారిపోయాయి.

"ఎవరు... గదిలో ఎవరున్నారు?" వాడి ఊపిరి వేగంగా వినబడుతోంది. "ఎవరో ఏడుస్తున్నారు... ఇందాకటి నుంచీ..."

"నేనే అన్నయ్యా," అన్నాను. "నేనే..."

కుర్చీ ఒక్కసారిగా వెనక్కి జరిగిన చప్పుడు. తరవాత దబ్బుమని ఏదో పడింది.

ఆ తరవాత గీత నిమిషాల తరబడి సాపుగా సాగింది.

ఆపు బటను నొక్కాను. ఆగిందో లేదో తెలియలేదు. మళ్ళీ నొక్కాను. బూడిద మీద బూడిద... ఏది ఆగినట్టు, ఏది ఆగనట్టు? పదకొండో నిమిషం దాటింది. నిలువు గీత ఆగలేదు. దాని వెనకాల కొత్తగా చిన్న చిన్న ఉబ్బులు పుడుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను.

ఉబ్బులు ఆగలేదు.

సంచి లాక్కుని తలుపు దగ్గరికి పరుగెత్తాను. పిడి కదల్లేదు. రెండు చేతులతో బాదాను. దర్జీని పిలిచాను. అరిచాను. నా అరుపుల్ని నురుగు పలకలు పీల్చుకుంటున్నాయి. వెనక్కి మాత్రం తిరగలేదు. ఎంతసేపు బాదానో తెలియదు. చివరికి పిడి దానంతటదే కిందికి దిగింది.

బయట ఎండ. దర్జీ తలుపుకి నాలుగడుగుల దూరంలో కుట్టుమిషను ముందే కూచుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"తలుపు బాదినట్టు వినబడింది అమ్మా."

"మరి తియ్యలేదేం?" ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "ఎంత అరిచానో తెలుసా?"

ఆయన తల దించుకున్నాడు. కొలత టేపు వేలికి చుట్టుకుంటున్నాడు. "ఎర్ర దీపం వెలుగుతోంది కదమ్మా. అది వెలుగుతుండగా ఏం వినబడినా తలుపు తియ్యొద్దని మీ అన్నయ్య గట్టిగా చెప్పాడు."

నేను సంచి భుజానికి తగిలించుకున్నాను.

"ఆ గురువారం కూడా ఇంతే," అన్నాడు చిన్నగా. "చాన్నాళ్ళుగా వెలగని దీపం వెలిగింది, లోపల ఏదో పడిన చప్పుడు విన్నాను. దీపం ఆరేదాకా ఆగాను. ఎవరికీ చెప్పలేదమ్మా ఈ మాట. ఎవరో ఆడమనిషి గొంతు కూడా వినబడింది. పాడ్డానికి వచ్చారేమో అనుకున్నాను."

తలెత్తి చూశాను. తలుపు పైన దుమ్ము కొట్టుకుపోయిన గాజు డిప్ప, లోపల ఖాళీ. సంచిలో చెయ్యి పెట్టి రుమాలు విప్పాను.

బల్బు ముట్టుకోలేనంత వేడిగా ఉంది.