చెవి మెత్తల కింద

పాలు పొంగి స్టవ్ మీద పడుతుంటే ఆమె ఫోన్ పట్టుకుని చూస్తూ నిలబడింది. చూస్తోందే గానీ ఆర్పాలన్న ధ్యాస లేదు.

"స్టవ్ కట్టెయ్యవే అమ్మాయీ. ఇల్లంతా మాడు కంపు" అంది అత్తగారు, గుమ్మం దగ్గర నుంచి.

స్టవ్ ఆర్పి, ఎడిటర్ పంపిన మెసేజ్ ఇంకోసారి చదువుకుంది. 'మళ్ళీ అదే సమస్య అమ్మా. కథ చెప్పేవాడి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. బరువు లేదు. సాయంత్రంలోగా సరిచేసి పంపు. ఈసారీ కుదరకపోతే మిగతా భాగాలు ఇంకొకరికి ఇవ్వక తప్పదు.'

ఎడిటర్ మంచి మనిషి. తిట్టినా బాగుండేది.

ఆమె పని సౌండ్ మిక్సింగ్. ఎవరో చదివిన కథకు గాలి, వాన, అడుగుల చప్పుడు కలుపుతుంది. గొంతు ఎక్కడ నిండుగా వినబడాలో, ఎక్కడ తగ్గాలో సర్దుతుంది. వెనకగదే ఆఫీసు. ఒక బల్ల, కంప్యూటరు, కిటికీకి మందపాటి దుప్పటి, గోడమేకుకు హెడ్‌ఫోన్. వీధి నిద్ర లేవకముందే లేచి కూర్చుంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒళ్ళు తెలియకుండా పడి నిద్రపోతుంది.

ఆ హెడ్‌ఫోన్ పాతది. చెవుల మీద ఆనే నల్ల మెత్తలు పొక్కిపోయి, పెచ్చులూడి, అణిగిపోయాయి. కొత్తవి వేసుకోవచ్చు. కానీ ఆ పనిలో ఉన్నవాళ్ళు సీరియల్ మధ్యలో మెత్తలు మార్చరు. మెత్త మందం కాస్త పెరిగినా, చెవికీ దానికీ మధ్య సందు కాస్త మూసుకున్నా బేస్, అంటే గొంతులోని కింది బరువు, మారిపోతుంది. ఆ అణిగిన మెత్తల సందుల్లోంచి బేస్ ఎంత జారిపోతుందో ఆమె చెవులకు తెలుసు. ఆ అలవాటు మీదే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. అందుకే ఇంట్లో ఒకటే శాసనం: అది ఎవరూ ముట్టుకోకూడదు.

అత్తగారు దానికి పెట్టిన పేరు డిప్పలు. 'మా కోడలా? డిప్పలు తగిలించుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. అదే ఉద్యోగం' అని చుట్టాలతో అంటుంది.

"మళ్ళీ తిప్పి పంపారా?" అడిగాడు భర్త, టీ కప్పు అందుకుంటూ. అతను ఆస్పత్రి లాబ్‌లో టెక్నీషియన్. రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

తల ఊపింది.

"చెవుల డాక్టరు బాగానే ఉన్నాయన్నాడుగా?"

"చెవులు బాగుంటే బుర్ర పాడైందన్నమాట" అంది. "ఈ కథ చదివేది కొత్త మనిషి. గొంతు గంభీరం. నాకు బేస్ మరీ ఎక్కువగా వినిపిస్తుంది, గుమ్మటంలో మాట్లాడినట్టు. తగ్గించి పంపుతాను. వాళ్ళకేమో పలచగా ఉంటుంది. నాకు వినబడేది వాళ్ళకు వినబడట్లేదు. వాళ్ళకు వినబడేది నాకు వినబడట్లేదు."

"ఫోన్లో పెట్టి చూసుకోకపోయావా?"

"ఫోన్ స్పీకర్లో బేస్ ఎక్కడుంటుందండీ? దోమ పాడినట్టుంటుంది."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. కప్పు కింద పెట్టి, మొహం తుడుచుకున్నాడు.

"ఆస్పత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్ ఖాళీగా ఉందని చెప్పానుగా. ఇవాళ సాయంత్రంలోగా మాట చెప్పమన్నారు."

"తెలుసు."

"పగటి ఉద్యోగం. మనుషుల మధ్య ఉంటావు. చీకటితో లేచి ఆ గదిలో తలుపేసుకోనక్కర్లేదు. నిన్ను తిట్టటం లేదు. నెల్లాళ్ళ నుంచి చూస్తున్నా, నువ్వు నిద్రలో కూడా చెవులు తడుముకుంటున్నావు. నేను అలిసిపోయాను, నువ్వూ అలిసిపోయావు. ఇక చాలు."

ఆమెకు కోపం రాలేదు. రావటానికి కూడా ఓపిక ఉండాలి. ఇన్నేళ్ళుగా తనకు వచ్చిన పని అదొక్కటే. చీకట్లో అడుగుల చప్పుడు ఒక్కటి సరిగ్గా కుదిరితే రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఆ చెవులే అబద్ధం చెబుతుంటే ఇంక దేన్ని నమ్మాలి?

"సరే" అంది. "చేరతానని చెప్పండి."

"ఏమిట్రా చెప్పేది?" అంది అత్తగారు.

ఇద్దరూ తిరిగి చూశారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అతని చొక్కా గుండీ కుడుతోందావిడ. ఒకప్పుడు కుట్టుమిషన్ తొక్కి కొడుకును చదివించిన మనిషి. ఇప్పుడు కళ్ళజోడు లేనిదే సూదిలో దారం ఎక్కదు.

"కౌంటర్ ఉద్యోగం అమ్మా. నువ్వేగా బయటికెళ్ళి చేసేదే ఉద్యోగం అంటావు."

"నేను సవాలక్ష అంటాను. అన్నీ పట్టించుకుంటారా? చొక్కాలు ఉతుక్కోమని కూడా అంటాను, ఆ మాట ఎప్పుడైనా విన్నావా?"

"అమ్మా, ఇది నీకు తెలియని విషయం."

"ఏం తెలియదు? మధ్యలో వదిలేస్తే ఎట్లా? ఆ పడవవాడు మెట్లెక్కి వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు తీసేది పెళ్ళామో, ఆ తమ్ముడో తేలకుండా ఈ పిల్ల చేతులు దులుపుకుని పోతే..."

ఆవిడ ఠక్కున ఆగిపోయింది. సూది వేలికి గుచ్చుకుంది.

కోడలు కదల్లేదు. సీరియల్లో పడవవాడు మెట్లెక్కిన భాగం ఇంకా బయటికి రాలేదు. అది విన్నది ముగ్గురే. చదివినాయన, ఎడిటర్, తను. ఇంకెక్కడైనా ఉందంటే వెనకగది కంప్యూటర్లో ఉంది.

కిటికీ వెలుగు అత్తగారి తెల్లజుట్టు మీద పడుతోంది. చెవి పైన, కళ్ళజోడు కాడ పక్కన, మసి రాలినట్టు సన్నటి నల్ల పెచ్చులు.

ఆమె దగ్గరికి వెళ్ళి ఒక పెచ్చు తీసి వేలి మీద పెట్టుకుంది. ఆ పెచ్చులు తనకు కొత్త కాదు. రోజూ తన జడలోంచి దులుపుకునేవే.

"అత్తయ్యా, ఎన్నాళ్ళ నుంచి?"

జవాబు కోసం ఆగలేదు. వెనకగదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్ తీసింది. ఎడమ మెత్త అంచు పట్టుకుని లాగితే ఊడి వచ్చింది. దాని వెనక, చుట్టూతా, పాత దిండుగలీబు గుడ్డ చుట్టిన సన్నటి చుట్ట. మెత్తకు కలిపి వేసిన కుట్లు ఎంత సన్నగా ఉన్నాయంటే గోటితో తడిమితే గానీ తెలియలేదు. లోపలి పలక మీద ఉండే చిన్న గాలి రంధ్రం మీద, గాయానికి వేసే పట్టీ ముక్క. కుడివైపూ అంతే.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనక కొడుకు.

"కళ్ళజోడు కాడ అడ్డం పడి డిప్ప చెవికి ఆనదు" అంది ఆవిడ నేల చూస్తూ. "ఆ అడుగులు చీమ నడిచినట్టు ఉండేవి. జోడు తీసేద్దామంటే, వింటూ గుండీలు కుట్టుకోవాలాయె. కాస్త ఎత్తు వేస్తే సందు మూసుకుంటుందని గుడ్డ పెట్టాను."

"మరి ఈ పట్టీ?"

"అక్కడ చిల్లు కనబడింది. చిరిగిందేమో అనుకున్నా. చిల్లు కనబడితే మాసిక వెయ్యకుండా ఉంటానా?" ఆవిడ గొంతు తగ్గింది. "వేశాక మటుకు... ఆ అడుగులు వచ్చి గుండెల మీద పడ్డాయే అమ్మాయీ. లేచి మన తలుపు గడియ చూసొచ్చాను."

ఆమె కుర్చీలో కూలబడింది. పట్టీలు పీకింది. కుట్లు కత్తిరించి గుడ్డ చుట్టలు బయటికి లాగింది. మెత్తలు ఎప్పటిలా అణిగాయి. చెవులకు పెట్టుకుని, పొద్దున తిరిగొచ్చిన ఫైలు నొక్కింది.

రేకు డబ్బా. ఎడిటర్ అక్షరాలా నిజం చెప్పాడు. ఆ గంభీరమైన గొంతులో ఉన్న కండంతా తనే కోసేసింది. గొంతు కొత్తదని, లోపం అందులోనే ఉందనుకుంది. మెత్తలను అనుమానించనే లేదు. ఈ ఇంట్లో వాటిని ముట్టుకునేవాళ్ళు లేరుగా.

చెవులు బాగానే ఉన్నాయి. ఆ మాట లోపల రెండోసారి అనుకోగానే ఏడుపు వచ్చేసింది. హెడ్‌ఫోన్ తియ్యకుండానే ఏడ్చింది.

"తిట్టవే" అంది అత్తగారు. "నోరారా తిట్టు. ముట్టుకోవద్దని చెప్పావు. విన్నానా? నీ నోటి కూడు పోగొట్టబోయాను."

"ఎందుకు అడగలేదు అత్తయ్యా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను? ఊరందరి ముందూ డిప్పలని వెక్కిరించి, నాకూ ఓసారి ఇవ్వమననా?" ఆవిడ కళ్ళజోడు తీసి కొంగు కోసం తడుముకుంది. "మొదట్లో నువ్వేం చేస్తున్నావో చూద్దామని, మధ్యాహ్నం నువ్వు నిద్రపోయాక పెట్టుకున్నాను. వాన పడింది. నిజం వానే అనుకుని బట్టలు తియ్యటానికి వెళ్ళాను. బయట ఎండ మండిపోతోంది. అప్పట్నుంచీ వదల్లేదు."

భర్త గోడకు ఆనుకుని ఉన్నాడు. నెమ్మదిగా అన్నాడు: "నేను ఒక్కసారి కూడా వినలేదు."

ఫోన్ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. 'కౌంటర్‌కి వేరేవాళ్ళని చూసుకోండి. మా ఆవిడకు పనుంది' అని అతను చెప్పటం గోడ ఇవతలికి వినిపించింది.

కోసేసిన బేస్ అంతా తిరిగి పెట్టటానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆమె నిద్రపోలేదు. మెడ పట్టేసింది, కళ్ళు మండుతున్నాయి. పంపిన కాసేపటికి ఎడిటర్ నుంచి జవాబు వచ్చింది. 'ఇదీ గొంతంటే. తర్వాతి భాగం మొదలుపెట్టు.' దాన్ని అత్తగారికి చదివి వినిపించింది. ఆవిడ తనకేం పట్టనట్టు తల తిప్పుకుని, రెండుసార్లు చదివించుకుంది.

తర్వాత ఆమె బల్ల సొరుగులోంచి ఎప్పుడో మూలన పడేసిన ఇంకో హెడ్‌ఫోన్ తీసి, పొద్దున పీకిన గుడ్డ చుట్టలతో సహా ఆవిడ ఒడిలో పెట్టింది.

"ఇది మీది. మెత్తలు మీరే కుట్టుకోండి. గలీబు గుడ్డ కన్నా స్పాంజి మేలు. కళ్ళజోడు కాడ వెళ్ళేచోట మాత్రం చిన్న గాడి కోయండి. కాడ అందులో ఒదిగిపోతే సందు ఉండదు. బేస్ ఎటూ పోదు."

"ఆ చిల్లు?"

"దాని జోలికి వెళ్ళకండి. అది వాళ్ళు కావాలని పెట్టింది."

"కావాలని చిల్లు పెట్టేవాళ్ళు కూడా ఉంటారన్నమాట" అంటూ ఆవిడ కత్తెర అందుకుంది.

పొద్దు వాలేసరికి మెత్తలు తయారయ్యాయి. కళ్ళజోడు తియ్యకుండానే పెట్టుకుంది ఆవిడ. కోడలు పక్కనే స్టూలు వేసుకుని, ఆ లోపు తను అడుగులు కలిపిన తర్వాతి భాగం నొక్కి, ఆ మొహంలోకే చూస్తూ కూర్చుంది. తన పని ఎలా ఉందో ఒక మనిషి మొహంలో చూడటం ఆమెకు అదే మొదలు.

"వినబడుతున్నాయా అత్తయ్యా, అడుగులు?"

అత్తగారు మాట్లాడవద్దని చెయ్యి ఎత్తింది. ఆ చేత్తోనే కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉండవే" అంది గుసగుసగా. "తలుపు తీస్తున్నారు."