పేరు పిలిచే బావి

దగ్గరికి జరగండర్రా. వెనకాల ఆ గుసగుసలు ఆపి చాప మీదికి రండి. భయమేసినవాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవచ్చు, గిల్లకూడదు.

పట్నంలో కిషన్‌బాగ్ అని ఒక బస్తీ. అక్కడ ఓ సన్నటి గల్లీ చివర పాడుబడ్డ ఇల్లు, దాని వెనక ఎండిపోయిన బావి. చీకటి పడితే ఆ బావి దగ్గర ఓ ఆడగొంతు ఎవరినో పేరు పెట్టి పిలుస్తుందట! బిర్యానీ పార్సెల్ తెచ్చేవాళ్లు కూడా మలుపులోనే ఆగి, "మీరే రాండన్నా" అని ఫోన్ చేస్తారట. ఏ పేరు పిలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. పరుగెత్తేవాడికి పేర్లు గుర్తుంటాయా?

ఆ గల్లీలోనే ప్రకాశం అని ఓ బస్సు కండక్టరు. ఆయనకు దెయ్యం కంటే పెద్ద బెంగ ఒకటుంది. తెల్లవారితే పెత్రమాస — పెద్దల పేరున బియ్యమిచ్చే అమావాస్య. బియ్యం పుచ్చుకునే అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతారు. తండ్రి పేరు తెలుసు, తాత పేరు తెలుసు. ముత్తాత పేరు...? ఏటా దగ్గి దాటేస్తున్నాడు.

తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. తొంభై ఏళ్ల నానమ్మ కృష్ణమ్మ. ఆ ముత్తాత ఆమెకు మామ.

"మామ పేరు కోడలు పలుకుతదారా? నోట్ల పురుగులు వడయా?"

"నువ్వు వోతే ఆ పేరు గూడ నీతోనే వోతది గదనే!"

ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. ఊతకట్టె పట్టుకుని లేచి లోపలికి పోయింది.

పాపం, ప్రకాశం కాగితాల వెంట పడ్డాడు. ట్రంకుపెట్టె అడుగున నిజాం కాలం నాటి ఉర్దూ కిరాయి కాగితం దొరికింది. పక్కింటి గౌస్ భాయ్ కళ్లజోడు సర్దుకుని చదివి, "అంతా మంచిగనే ఉంది ప్రకాశం భాయ్. నామ్, గదే పేరు ఉన్న జాగల్నే చెదలు దావత్ చేసుకున్నయ్" అన్నాడు. శ్మశానం పాత రిజిస్టరు తిరగేయిస్తే ముత్తాత పోయిన రోజు దొరికింది, పోయిన జబ్బు దొరికింది, తోటమాలి అని చేసిన పనీ దొరికింది. పేరు దగ్గర ఏముంది? "కృష్ణమ్మ మామ"! ఆ రోజు దగ్గరుండి రాయించింది ఎవరో మీకు చెప్పనక్కర్లేదుగా.

ఆ రాత్రి ప్రకాశం డ్యూటీ దిగి ఒంటరిగా ఇంటికొస్తున్నాడు. ఆకాశంలో చంద్రుడు లేడు. వీధిదీపం రెండుసార్లు మిణుకుమని... ఆరిపోయింది. అరుగు కింద కుక్క లేచింది, చెవులు రిక్కించింది — ఆయనకంటే ముందు అదే పరుగెత్తింది.

బావి వైపు నుంచి...

"గండయ్యా..."

ప్రకాశం పారిపోదామనే అనుకున్నాడు. ఆ సంగతి కాళ్లకు తెలియలేదు.

"గండయ్యా... యాదుంచుకోయే బాయీ. నేను వోయినా నువ్వుంటవు. మా మామ పేరు... గండయ్య..."

ఆ గొంతు చెప్పుకుంటున్నది బావికే! ఆ వెనకే ఓ దగ్గు. రోజూ పొద్దున్నే చాయ్ కోసం దగ్గే దగ్గు!

"నాన... మ్మా?"

ఠక్కున కట్టె కింద పడింది. వెలిసిన తెల్లచీర ఒకటి చీకట్లో సర్రున మాయమైంది. ఊతం లేకుండా తొంభై ఏళ్ల మనిషి అంత వడిగా పోవడం ప్రకాశం ఎన్నడూ చూడలేదు.

ఇంటికొచ్చేసరికి కృష్ణమ్మ దుప్పటి ముసుగులో గురక పెడుతోంది. గురక మధ్య మధ్య ఆయాసం.

"నానమ్మా, గీ కట్టె నీదేనా?"

"నాది గాదు."

"మరి నీ చీరకు గా బాయికాడి ఉత్తరేణి గింజలేంది?"

"దెయ్యాలు తిరిగే యాళ్ల లొల్లి ఏందిరా? పండుకో పో!"

తెల్లారింది. అయ్యగారు మూడో పేరు అడిగారు. ప్రకాశం దగ్గలేదు. గల్లీ అంతా వినేలా "గండయ్య!" అన్నాడు.

గడప మీద కూర్చున్న కృష్ణమ్మ ఉలిక్కిపడి లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, తలుపు చాటుకు జరిగి, తల వంచుకుని నిలబడింది — మామగారు వాకిట్లోకి వచ్చినప్పుడు కొత్త కోడలు నిలబడినట్టు.

ఆ తర్వాత బావి దగ్గర పిలుపు వినబడలేదట. ఆ కట్టె మాత్రం ఇప్పటికీ ఆమె చేతిలోనే ఉంది. ఎవరిదని అడిగితే, "దెయ్యానిది" అంటుందట.

ఇక లేవండర్రా, ఇంట్లో బువ్వ చల్లారిపోతోంది. తిన్నాక మీ నానమ్మల పక్కన చేరి ఒక్క పేరు అడగండి. చెప్పకపోతే... దగ్గర్లో బావి ఉందేమో చూసుకోండి.