తాలుకాయల పొగ

కార్తీక బహుళ చతుర్దశి... శనివారం... అసురసంధ్య!

ఈ మూడూ ఒక్క గడియలో కలిస్తే గడప దాటొద్దని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. పడమట సూర్యబింబం రుధిరవర్ణంతో కృష్ణలోకి కుంగిపోతోంది. తూర్పున సముద్రం వైపు నుంచి లేచిన కారుమేఘాలు ఆకాశాన్ని అంగుళం అంగుళం ఆక్రమిస్తున్నాయి. ఎక్కడో గుడ్లగూబ... ఇంకా చీకటైనా పడకముందే... భయంకరంగా ఘూకారం చేసింది! అమరావతి రేవుకు దిగువన, ఏనాడో పైకప్పు కూలిపోయిన సున్నపు బట్టీలో ఒక హోమగుండం రగులుతోంది. గుండానికి అవతల నల్ల కంబళి మీద మాంత్రికుడు నాగలింగస్వామి. మధ్యలో నూనె పట్టి నిగనిగలాడే కపాలం. ఇవతల కోటేశ్వరి. ఆమె ఒళ్లో స్పృహ లేని తొమ్మిదేళ్ల కూతురు శ్రీదివ్య.

ఆ కపాలాన్ని చూస్తే కోటేశ్వరికి గుండె ఆగిపోవాలి. భయం వేయలేదని కాదు, వేసింది. కానీ అంతకన్నా ముందు నిద్ర ముంచుకొస్తోంది! ఏం చెయ్యమంటారు? పన్నెండేళ్ల నిద్ర బాకీ ఉన్న మనిషికి పిశాచి ఎదురుగా కూర్చున్నా రెప్పలు వాలతాయి.

నిజానికి వాళ్లు అమరావతి వచ్చిందే విశ్రాంతి కోసం. ప్రత్తిపాడు దగ్గర కౌలు చేను వాళ్లది. సగం పత్తి, సగం మిరప. పత్తి మొదటి తీత అయిపోయింది, మిరపకు మందు కొట్టేశారు. మధ్యలో శని, ఆదివారాలు రెండే రెండు రోజులు ఖాళీ దొరికాయి. సోషలు పుస్తకంలో స్తూపం బొమ్మ చూసిన దగ్గర్నుంచి శ్రీదివ్య ఒకటే నస. చివరికి భర్త అంకమ్మరావు, "పోదాం పదవే. కార్తీక స్నానమూ అవుద్ది, నువ్వూ రెండు రోజులు నడుం వాల్చినట్టు ఉంటది" అన్నాడు. కాపురానికొచ్చాక నడుం వాల్చమని ఆమెతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. కోటేశ్వరికి కళ్లనీళ్లు తిరిగాయి.

ఆమె బతుకంతా మిర్చి కల్లంలోనే గడిచింది మరి. ఏటా వేసవిలో మూడు నెలలు అక్కడే కాపురం. పగలంతా ఎండలో కాయలు తిరగేయడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం. రాత్రి రాశి పక్కనే చాప పరుచుకుని, ఒక చెవి ఆకాశం మీద వేసి పడుకోవడం. ఒంటి మీద చినుకు పడితే చాలు, కళ్లు తెరవకముందే లేచి టార్పాలిన్ పట్టా కప్పేసేది. కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. ఆ ఘాటు పీల్చీ పీల్చీ ఆమె ముక్కు ఏనాడో మొద్దుబారిపోయింది. కూతుర్ని మాత్రం ఒక్కరోజు కూడా కల్లం ఛాయలకు రానివ్వలేదు. పిల్ల దగ్గితే ఆ తల్లి ప్రాణం ఒప్పుకునేది కాదు.

పొద్దున కృష్ణలో మునిగారు, అమరేశ్వరుడి దర్శనం చేసుకున్నారు. మధ్యాహ్నం స్తూపం దగ్గర రాళ్ల మీద తామరపూలు లెక్కపెడుతూ శ్రీదివ్య గంతులేసింది. వేపచెట్టు నీడలో పులిహోర పొట్లం విప్పిన కోటేశ్వరి, ముద్ద చేతిలో ఉండగానే కూర్చున్నపాటున నిద్రపోయింది. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

కానీ ఆ నిద్రను ఇంకొకడు కూడా చూశాడు! దారి పక్కన గోడ చాటున నిలబడి, జడలు కట్టిన గడ్డంతో, రెప్ప వేయకుండా చూశాడు. వాడు పిల్లను చూసింది ఒక్క క్షణమే... చాలాసేపు తల్లినే చూశాడు. వాడికి కావలసింది పిల్లే. అయినా పిల్లను తల్లే ఇవ్వాలి! అలసిపోయిన తల్లి అయితే తేలిగ్గా ఇస్తుంది. వాడు ఊరూరా వెతికేది అలాంటి తల్లుల కోసమే.

సత్రానికి తిరిగొచ్చే దారిలో నల్లదారం చుట్టిన నిమ్మకాయ ఒకటి అడ్డంగా పడి ఉంది. శ్రీదివ్య చూడలేదు, దాటేసింది. నాలుగడుగులు వేసిందో లేదో కుప్పకూలింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది... కళ్లు తేలేసింది... పసిగొంతులోంచి ఎనభై ఏళ్ల ముదుసలి స్వరం వికృతంగా కేకలేసింది!

"ఆకలి... ఆకలీ! ఎన్నాళ్లురా ఈ ఎండుబొమికెలో!"

సత్రం చూసుకునే వెంకటరావమ్మ ఆ కేక విని పరిగెత్తుకొచ్చింది. "ఇది డాక్టర్లకు లొంగేది కాదయ్యా! రేవు కింద బట్టీలో నాగలింగస్వామి అని ఒకాయన దిగాడు, ఎంతటి గాలైనా తీసేస్తాడంట. పొద్దు గుంకకముందే తీసుకుపోండి!" అంది. ఆవిడ మంచికే చెప్పింది పాపం. అంకమ్మరావు పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తాడు.

బట్టీ గుమ్మంలో స్వామి బూడిదతో గీత గీశాడు. "తండ్రి బయటే ఉండాలి! ఈ గీత దాటావా... పిల్ల దక్కదు!" అని గర్జించాడు. అంకమ్మరావు చేతులు జోడించి గోడవారగా కూలబడ్డాడు.

లోపల మంత్రోచ్చారణ మొదలైంది. వాడు ముక్కుకూ నోటికీ తడిగుడ్డ బిగించుకుని, పక్కనున్న గంపలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి గుండంలో వేశాడు. గుప్పున పొగ లేచింది! అది వాడి పరీక్ష. వశమైన మనిషి దగ్గదు. దగ్గితే ఇంకా తెలివిలోనే ఉన్నట్టు. అప్పుడు ఆ మనిషి నీడలో ఇనుపమేకు దిగగొట్టి రెండోకట్టు వేయాలి. మేకూ సుత్తీ చేతికందేలా సిద్ధంగా పెట్టుకున్నాడు.

కోటేశ్వరి దగ్గలేదు. ఒళ్లోని పిల్ల కూడా దగ్గలేదు.

'తాలుకాయలు తగలేస్తున్నాడు. అవీ నిరుటివే' అనుకుంది కోటేశ్వరి, మగతలోనే.

ఎక్కడో కొండల అవతలి నుంచి వచ్చినవాడు! మిరప నేల మీద పుట్టిన ఆడదాని ముక్కు సంగతి వాడికేం తెలుసు? పూర్తిగా వశమైందనుకున్నాడు. మేకును పక్కకు నెట్టేశాడు. పొగ పలచబడ్డాక తడిగుడ్డ విప్పి గుండంలోకి గిరాటేసి తృప్తిగా నవ్వాడు. వాడి చావు అక్కడే మొదలైంది.

"కోటేశ్వరీ... ఎంత అలసిపోయావు తల్లీ!" వాడి గొంతు ఇప్పుడు తేనెలా ఉంది. "ఎన్నేళ్లయింది నువ్వు కడుపునిండా నిద్రపోయి! నువ్వు మోస్తున్న ఆ మోతంతా నాకిచ్చెయ్. ముమ్మారు 'ఇచ్చాను' అను. ఇక నిన్ను ఎవ్వరూ లేపరు... ఎవ్వరూ పిలవరు..."

మూడుసార్లు తల్లి నోట ఆ మాట వస్తే పిల్ల ప్రాణం కపాలంలోని పిశాచికి ఆహారమవుతుంది! పిశాచి వాడికి ఇంకో పన్నెండేళ్ల ఆయుష్షు పోస్తుంది. ఇప్పటికి ఎంతమంది పిల్లలు అలా పోయారో ఆ కపాలానికే తెలియాలి.

ఎవ్వరూ లేపరు... ఆ మాట కోటేశ్వరికి ఎంత హాయిగా ఉందో! జీవితంలో ఇంకేం కావాలి?

"ఇచ్చాను" అంది.

కపాలం కంటిగుంటల్లో నీలిజ్వాల వెలిగింది! శ్రీదివ్య వేళ్లు తల్లి చేతిలో చల్లబడ్డాయి.

"మళ్లీ అను తల్లీ..."

"ఇచ్చాను."

పిడుగు పడింది! బట్టీ గోడలు దద్దరిల్లాయి. పిల్ల ఊపిరి సన్నగిల్లి సన్నగిల్లి దారమంత అయింది. కపాలం నోట్లోంచి నల్లటి పొగ ఒకటి నాలుకలా సాగి, పిల్ల పాదాలను తడుముతూ పైకి పాకుతోంది...

"ఒక్కసారి... ఇంకొక్కసారి!"

కోటేశ్వరి నోరు తెరిచింది. అప్పుడు పడింది... కప్పు లేని ఆ బట్టీలో, ఆమె మోచేతి మీద... ఒక్క చినుకు!

"పట్టాలు!" అని కెవ్వున అరిచింది కోటేశ్వరి. "వానయ్యా... వాన! పట్టాలు కప్పండీ!"

ఆమె ఇంకా కళ్లు తెరవలేదు. పన్నెండేళ్లుగా లేచినట్టే లేచింది. గుండం పక్కగా చేతికందిన అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అది మాంత్రికుడు కూర్చున్న నల్ల కంబళి! పిశాచి తనను తాకకుండా వాడు ఏడేళ్లు మంత్రించి పెట్టుకున్న ఆసనం! వాడు వెల్లకిలా పడ్డాడు. కోటేశ్వరి ఆ కంబళిని రాశి మీద పట్టా కప్పినట్టే, నాలుగు అంచులూ దోపి మరీ పిల్ల మీద కప్పేసింది. అప్పుడు తెరిచింది కళ్లు.

నల్లపొగ కంబళి దాకా వచ్చి, నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగింది.

"అను! మూడోమాట అనవే!" మాంత్రికుడు లేస్తూ గొంతు చించుకున్నాడు. "అనకపోతే సర్వనాశనం... నీ వంశం మట్టి కొట్టుకుపోతుంది!"

కోటేశ్వరి కపాలాన్ని చూసింది. కంబళి కింద ఎత్తుగా తెలుస్తున్న కూతురి పాదాలను చూసింది. తన నోటితో రెండుసార్లు ఏమందో అప్పుడు గుర్తొచ్చింది.

"నా మోత నీకెందుకురా, నీ చేతులు పడిపోను! ఇవ్వను!" అంది. "చచ్చినా ఇవ్వను!"

వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. పిలిచిన పిశాచి ఆకలితో ఊరికే తిరిగి వెళ్లదు. ఉచ్చాటన మంత్రం చదివి పంపించాలి! వాడు చేతులెత్తి మొదటి అక్షరం అందుకున్నాడు. ఆ మంత్రమేమిటో కోటేశ్వరికి తెలియదు. వాడి నోరు మూయించాలని మాత్రం తెలిసింది. మిరపకాయల గంప రెండు చేతులా ఎత్తి... మొత్తం గుండంలో కుమ్మరించింది!

ఆ పొగ ఎలాంటిదో కల్లంలో నిప్పు పడటం చూసినవాళ్లకే తెలుసు. వాడి గొంతులో బీజాక్షరం బీజాక్షరంగానే ఇరుక్కుపోయింది. తడిగుడ్డ కోసం తడుముకున్నాడు... అది బూడిదైపోయింది! దగ్గు... దగ్గు... కళ్లనీళ్లు... గుమ్మం కనపడక గోడలకు కొట్టుకుంటున్నాడు. కోటేశ్వరి మాత్రం కూతురికి అడ్డంగా, ఆ పొగలో రెప్ప వేయకుండా నిలబడి ఉంది.

నల్లపొగ వాడి వైపు తిరిగింది...

ఒక్క ఆర్తనాదం! ఆ అరుపుకు రేవు అవతలి చెట్ల మీది పక్షులన్నీ లేచిపోయాయి. నడిమధ్య చీలి కపాలం రెండు చెక్కలైంది. వాన పెద్దదై గుండం చల్లారేసరికి మాంత్రికుడున్న చోట మిగిలింది ఎండి వడలిపోయిన చిన్న శవం. ఇన్నాళ్లూ దొంగిలించుకున్న వయసంతా ఒక్కసారిగా వాడి మీద పడిపోయింది.

అప్పుడు కంబళి కింద... ఖళ్లుమని ఒక దగ్గు!

కోటేశ్వరి కంబళి లాగి పిల్లను గుండెకు హత్తుకుంది. "దగ్గవే నా తల్లీ! దగ్గు... ఇంకా దగ్గు!" అంటూ ఏడ్చింది, నవ్వింది. పిల్లను ఎత్తుకుని గీత దాటి బయటికి వచ్చేసింది. అంకమ్మరావు గోడకు చేరగిలబడి, వానలో తడుస్తూ గురక పెడుతున్నాడు. కాలితో తట్టింది.

"నిద్రపోయావా అయ్యా?"

"నాకే తెలవకుండా కన్ను మూతబడిందే..." అని ఉలిక్కిపడి లేచాడు. సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ నిద్ర ఎలాంటిదో ఆమెకు తెలియనిది కాదు.

ఆదివారం పడవెక్కాలనుకున్నారు. ఎక్కలేదు. తెల్లారినా, మధ్యాహ్నమైనా కోటేశ్వరి సత్రం గదిలో చాప మీద నుంచి కదల్లేదు. ముసురు పట్టుకుంది. "పగిలిన పత్తంతా తడిసిపోద్దే..." అని గుమ్మంలో గొణుక్కుంటూ అంకమ్మరావు ఆమెను లేపబోయాడు. శ్రీదివ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"లేపమాక నాన్నా."

కిటికీలోంచి జల్లు కొట్టి ఒక చినుకు కోటేశ్వరి చెంప మీద పడింది. శ్రీదివ్య పక్కనున్న దుప్పటి తీసి, నాలుగు అంచులూ జాగ్రత్తగా దోపుతూ తల్లికి కప్పింది. కోటేశ్వరి లేవలేదు.