చెవిపెట్టెకు అర్థం కాని తిట్లు

దొడ్డిగోడకు బిగించిన చెవిపెట్టె మీద పసుపు దీపం ఆ నెలలో రెండోసారి వెలిగింది. వీరవేణి చేతిలోని చేట జారి నూకలన్నీ నేలపాలయ్యాయి.

తప్పంతా చుక్కలపెట్టది. అది వంటింట్లో దూరి, పెరుగు గిన్నె మూత తోసేసి, మెడదాకా ముంచుకుని బయటికొచ్చింది. ఆ తెల్లగడ్డం పొడుచుకు తినాలని తక్కిన అయిదు పెట్టలూ వెంటబడ్డాయి. పుంజేమో దాన్ని ఎవరో పరాయికోడి అనుకుని ఈకలు నిక్కబొడుచుకుని కయ్యానికి దిగింది. అత్తగారు నూకరత్నం నవ్వు ఆపుకోలేక, "నీకేం తెగులొచ్చిందే, ముదనష్టపుదానా!" అని కేకేసింది.

"అత్తా, మాట!"

"నోరు జారిపోయిందే అమ్మాయ్. డెబ్బయ్యేళ్లుగా ఇలాగే తిడతన్నాను, ఇప్పుడెలా మారుద్దీ?"

పిట్టజ్వరం మూడు జిల్లాలను ఊపేశాక, కోళ్లున్న ప్రతి ఇంటికీ ఒక చెవిపెట్టె పెట్టారు. అది కోడి తుమ్మినా వింటుంది, మనిషి మాట్లాడినా వింటుంది. రోగమనో, తెగులనో, చావనో మాట వినపడితే చాలు, జబ్బు కబురుగా రాసుకుంటుంది. మనవాళ్లు ముద్దొచ్చినప్పుడే ఎక్కువ తిడతారని దాన్ని తయారుచేసిన మహానుభావులకు ఎవరూ చెప్పలేదు. నెలలో మూడు కబుర్లయితే ఎర్రదీపం. అరగంటలో ఊడ్పుబండి వస్తుంది. కోళ్లు గోతిలోకి, మనుషులు ఊరి బయటున్న వెలిగూళ్లకు. అక్కడ పెద్దవాళ్లను ఒకచోట, పిల్లలను మరోచోట ఉంచుతారు. ఎదురింటి పాప అలాగే వెళ్లింది, ఇంకా రాలేదు. వీరవేణి కూతురు లిఖితకు అయిదేళ్లే. ఆ పిల్ల అమ్మ లేకుండా ఒక్క పూట అన్నం తినదు.

పొద్దు వాలుతోంది. చీకటి పడేలోగా కోళ్లు గూట్లో లేకపోతే అదీ ఒక కబురే. ఆ సంగతి కోళ్లకేం తెలుసు, ఆరు పెట్టలూ పుంజూ మునగచెట్టెక్కి కూర్చున్నాయి. వీరవేణి మెల్లగా పిలిచింది, బతిమాలింది, నూకలు చల్లింది. పుంజు ఒకసారి ఆమె వంక చూసి తల తిప్పేసుకుంది. వాటికి అత్తగారి తిట్టు పడితేగానీ కాలు కదలదు.

ఇంకొక్క తిట్టు వినపడితే ఎర్రదీపమే. నూకరత్నం నోరు తెరవబోయేసరికి వీరవేణి పరుగున వచ్చి చేత్తో మూసేసింది.

ముసలావిడ ఆ చెయ్యి తీసేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లెర్రజేసి గొంతెత్తింది. "దిగుతావా లేదా, బంగారు తల్లీ! నీ నోట్లో పంచదార పొయ్యా! నీ కడుపు చల్లగుండా! దిగవే, వరాల మూటా!"

కోళ్లు ఒకదాని మీదొకటి దొర్లుకుంటూ దిగి గూట్లో దూరాయి. దీపం వెలగలేదు. వీరవేణి అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది.

ఆ కిటుకు వారంలో వీధంతా పాకింది. చెవిపెట్టెకు వంటింటి మాటలూ వినపడతాయి కనక ఇళ్లలోనూ అదే అలవాటైంది. పాలు ఒలకబోసిన లిఖితను వీరవేణి పళ్లు బిగించి "బంగారు తల్లీ!" అంది. చెప్పులు పారేసుకొచ్చిన రోజు "వరాల మూటా!" అని వీపు మీద ఒక్కటిచ్చింది. భయం తీరినందుకు సంతోషమేగానీ, ఎప్పుడెన్నిసార్లు అందో ఆమె గమనించుకోలేదు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం లిఖిత బడి నుంచి బొమ్మ గీసి తెచ్చింది. పెరుగు గడ్డంతో చుక్కలపెట్ట, పక్కన చెయ్యి పట్టుకుని అమ్మ, తను. వీరవేణికి గుండె నిండిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది.

"నా బంగారు తల్లీ!"

పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. బొమ్మను వీపు వెనక దాచుకుంది.

"నేనేం చేశానమ్మా?"

వీరవేణి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఇంకో ముద్దుమాట కోసం వెతుక్కుంది. "వరాల..." అనబోయింది.

లిఖిత రెండు చేతులతో వీపు కప్పుకుంది.