ఊపిరి తీసుకోని పాటగత్తె

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మేం కాపురం పెట్టి మూడేళ్లు. నాది కార్ల కంపెనీలో ఉద్యోగం. మా ఆవిడ గిరిజ కాకినాడలో పన్నెండేళ్లు సంగీతం నేర్చుకుంది. ఇక్కడ ఒక మంచి కచేరీ వినే భాగ్యం కూడా లేదని దిగులుపడేది. అందుకే, ఆమెకు జర్మన్ నేర్పే టీచరు తనకు వీలుకాదని రెండు టికెట్లు ఇచ్చేస్తే సంబరపడి నన్నూ లాక్కెళ్లింది. బెల్ కాంటో అట. ఇటలీ వాళ్ల పాత గాన పద్ధతి. మైకు ఉండదు. గొంతు నునుపు, ఊపిరి మీద పట్టు, అంతే.

ఊరి బయట ఒక పాత మఠం ఉంది. సన్యాసులు ఒకప్పుడు భోంచేసిన హాల్లో కచేరీ. జూన్ నెల కాబట్టి సాయంత్రం ఏడైనా ఎండ తగ్గలేదు. నలభైమంది దాకా వచ్చారు. అందరూ డెబ్భై దాటినవాళ్లే. మొదటి రెండు వరుసలూ వదిలేసి వెనకాల ఇరుక్కుని కూర్చున్నారు. గిరిజ నేరుగా ముందుకెళ్లి, వేదికకు ఎదురుగా రెండు కుర్చీలు చూసి కూర్చుంది. వెనక ఎవరో నాలుక చప్పరించారు. నోరు విప్పి మాత్రం ఏమీ అనలేదు.

పియానో వాయించే నడివయసు మనిషి వెంట పాటగత్తె వచ్చింది. ఆకుపచ్చ పట్టు గౌను. మొహాన సున్నం కొట్టినట్టు పౌడరు. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. పాట ఎత్తుకుంది. ఆ గొంతు వయసు ఇరవై దాటదు! తేనె తీగ సాగినట్టు సాగింది. గిరిజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండో పాట సగంలో నాకు వాసన తగిలింది. వాడిపోయిన పూలను కుండీలోనే వదిలేస్తే, వారం తర్వాత ఆ నీళ్లు కొట్టే కంపు. దాంట్లో విరిగిన పాల పులుపు. ఆమె నోరు తెరిచినప్పుడల్లా అది వెచ్చగా వచ్చి నా మొహానికి తగులుతోంది. తుంపర కూడా. రుమాలు కోసం జేబు తడుముకుంటూ వెనక్కి చూశాను.

వెనక అందరూ అప్పటికే ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

గిరిజ నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"హర్షా... ఈవిడ ఊపిరి తీసుకోవట్లేదు."

చూశాను. సంగతి మీద సంగతి దొర్లుతోంది. పియానో మీద నాలుగు కాగితాలు తిరిగిపోయాయి. ఆమె ఛాతీ కదల్లేదు. భుజాలూ కదల్లేదు.

పాట పైస్థాయికి వెళ్లింది. నోరు ఇంకా... ఇంకా తెరుచుకుంది. కిటికీలోంచి ఎండ తిన్నగా ఆ నోట్లోకి పడింది. నాలుక బూడిదరంగులో, పాచిపట్టిన గుడ్డలా కింద పడి ఉంది. కదలడం లేదు. మాటలు మాత్రం వస్తున్నాయి.

కొండనాలుక ఉండాల్సిన చోట రెండు చిన్న పెదవులు ఉన్నాయి. తడిగా, జిగురుగా, లేతగా. తెరుచుకుంటున్నాయి... మూసుకుంటున్నాయి. పాడుతున్నది అవి.

పాట ఆగింది. ఒక్క చప్పట కూడా లేదు. ఆమె వేదిక దిగి వచ్చి గిరిజ గడ్డం పట్టుకుంది. నేను లేచేలోపే నోటి మీద నోరు పెట్టింది. ఏదో జారి మింగుడుపడ్డ చప్పుడు వినబడింది. విడిపోయినప్పుడు ఇద్దరి మధ్యా ఉమ్ము తీగలా సాగింది. ఆ ముసలావిడ మొహం గాలి తీసిన సంచిలా వాలిపోయింది.

పియానో మనిషి ఆమెను పొదివి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. పోతూ పోతూ, ముందు కూర్చోకూడదని మీకెవరూ చెప్పలేదా అని నన్ను జర్మన్‌లో అడిగాడు. జాలిగానే అడిగాడు.

గిరిజ అక్కడి బాత్రూంలోనే సబ్బుతో నాలుక రుద్దుకుంది. వేళ్లు పెట్టుకుని కక్కడానికి చూసింది. నురగ తప్ప ఏమీ రాలేదు. కారులో నీళ్లు తాగి, అలవాటుగా సీసా నాకు అందించింది. నేను పట్టుకున్నాను. తాగలేకపోయాను.

"నేనంటే రోతగా ఉందా?" అంది.

లేదన్నాను. సీసాకు మూత పెట్టాను. ఆమె ఇల్లు చేరేదాకా కిటికీవైపే చూసింది.

ఆ తర్వాత గిరిజ కూనిరాగం కూడా తీయలేదు. గొంతులో ఏదో అడ్డం ఉంది, మింగబోతే ఎదురు నెడుతోంది అనేది. నేను హాల్లో సోఫా మీద పడుకోవడం మొదలుపెట్టాను. జలుబు అంటుకుంటుందని వంక చెప్పాను. నా భార్య దగ్గరికి వస్తే నాకే డోకు వస్తోందని ఏ నోటితో చెప్పను? గొంతు డాక్టరు దగ్గర ఎనిమిది రోజులకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. సిగ్గుతోనే, ఆ గదిలో ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. నోరు బాగా తెరవమని, పొడుగాటి పుల్లకు చుట్టిన దూదిని గొంతు వెనక్కి పోనిచ్చాడు. కాసేపు తిప్పాడు. బయటికి లాగబోతే పుల్ల రాలేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కొంచెం గట్టిగా లాగాడు... వచ్చింది.

ఆ పుల్లను దీపం వెలుగులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా ముందు పెట్టాడు.

దూది మీద వరసగా నాలుగు పళ్లగాట్లు ఉన్నాయి. పాలపళ్లంత చిన్నవి.

గిరిజ నోరు అంతసేపూ బార్లా తెరిచే ఉంది.