కాళ్లకు బదులు కాళ్లు

రాప్తాడు అవతల, రోడ్డుకు దూరంగా ఉన్న వేరుశనగ గోడౌనుకు కుళ్లాయప్ప కాపలాదారు. కదిరి పక్క సొంతూళ్లో వానలు మొహం చాటేసి, పెండ్లాం కూడా పోయాక, కూతురు నందినిని చంకనేసుకుని ఇక్కడికొచ్చాడు. పిల్లకు తొమ్మిదేళ్లు. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి.

మొదట అరచేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని దేకేది. తర్వాత తండ్రి వేపకొమ్మలు చెక్కి చంకకర్రలు చేసిచ్చాడు. వాటి మీద వేలాడుతూ కాళ్లు ఈడ్చుకునేది. చంకలు పుండ్లు పడ్డాయి. చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి ఒకటుంటే తనంతట తనే బడికి పోతుంది. రేపు తాను కన్ను మూస్తే దీన్నెవరు మోస్తారన్నదే కుళ్లాయప్ప దిగులు.

అలాంటి బండొకటి గోడౌను దగ్గరి ఊరి శ్మశానంలో తుప్పు పడుతోంది. ఓబులేసుది. నాటుబాంబుకు కాళ్లు పోగొట్టుకున్న మనిషి. ఏళ్ల తరబడి బేరింగులు బిగించిన పలక మీద దేకి, చివరికి ఆ బండి సంపాదించాడు. బాంబు వేసిందెవరో చెప్పడానికి ఆ బండిలోనే కోర్టుకు బయల్దేరాడు. దారిలో అడ్డగించి, రెండు చేతులూ మణికట్ల దగ్గర నరికి, ఎండలో వదిలేశారు. ఆ చేతులు దొరకలేదు. చచ్చినవాడి చెప్పులు సమాధి దగ్గర వదలడం అక్కడి ఆచారం. కాళ్లు లేనివాడికి చెప్పులెక్కడివి? బండినే వదిలారు.

కుళ్లాయప్ప ఓబులేసు భార్య తిమ్మమ్మ దగ్గరికెళ్లి అడిగాడు.

"తీసకపోప్పా, బిడ్డ కోసరం కదా," అంది ఆమె. "అయితే ఆడ బదులేమీ పెట్టద్దు. అడుక్కుని తెచ్చుకో, అంతే. బదులు పెడితే బేరమైపోతాది. సచ్చినోళ్లతో బేరం వద్దు."

కానీ ఊరికే తీసుకోవడం కుళ్లాయప్పకు చేతకాదు. రాలిన చింతకాయ కూడా అడక్కుండా ఏరుకోని మనిషి. నందిని చంకకర్రలు సమాధి మీద పెట్టి దండం పెట్టాడు.

"నీ కాళ్లకు బదులు నా బిడ్డ కాళ్లు. సరికి సరి, అన్నా."

మర్నాడు మధ్యాహ్నం వడగాలి లేచింది. ఎర్రదుమ్ము సూర్యుణ్ణి మింగేసింది. కుళ్లాయప్ప గోడౌను తలుపులు బిగించాడు. లోపల మసక చీకటి. గోనెసంచుల వాసన, ముక్కిన కాయల వాసన. పైన రేకులు ఎండకు టప్పుమంటూ సాగుతున్నాయి. నందిని బండిలో కూర్చుని మెల్లగా తిప్పుతోంది. చైను కిర్రుమంటోంది.

గోడౌను యజమాని బసప్ప పక్క తలుపు నెట్టుకుని వచ్చి, గడియ వేశాడు. కళ్లు చీకటికి అలవాటు పడగానే బండి చూసి ఆగిపోయాడు.

"ఇది యాడిదిరా?"

"ఓబులేసన్నది. ఆయమ్మనడిగే తెచ్చినా."

బసప్ప నవ్వాడు. "వాందా! చేతులు నరికినాంక గూడా మోచేతులతో తిప్పుకుంటా పోదామని చూసినాడు. మొండి నా కొడుకు."

ఓబులేసు చేతులు నరికింది బసప్పేనని కుళ్లాయప్పకు అప్పుడర్థమైంది. ఊరందరికీ తెలిసి నోరు విప్పని సంగతి, పరాయి ఊరివాడైన తనకొక్కడికే తెలియలేదు.

"పాపను దించు. దీన్ని ముక్కలు చేయల్ల," అని బసప్ప గడ్డపార అందుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

టక్... జరర్... టక్... జరర్...

బయట గాలిలో. పొట్టి కర్రల మీద ఏదో పెద్ద బరువు.

"నాయనా," నందిని గుసగుసలాడింది. "నా కర్రల సప్పుడు..."

తలుపు తెరుచుకోలేదు. చప్పుడు మాత్రం లోపలికొచ్చింది. పచ్చినెత్తురు వాసన గుప్పుమంది. నందిని రెండు చేతులూ గుండెకు హత్తుకుంది. అయినా బండి పెడళ్లు తిరుగుతున్నాయి... వేగంగా... ఇంకా వేగంగా...

బసప్ప గడ్డపార ఎత్తాడు. అది చేజారింది. ఎవరో మెడ పట్టి వంచినట్టు మోకాళ్ల మీద పడ్డాడు. చేతులు ముందుకు సాగాయి. వెనక్కి లాక్కోవాలని చూశాడు. కుదరలేదు. వేళ్లు చైనులోకి పోయాయి. తర్వాత మణికట్లు. ఎముకలు చెరుకుగడల్లా పటపటా విరిగాయి. నెత్తురు చిమ్మి సంచులు తడిశాయి. బసప్ప అరుపు రేకులకు తగిలి తిరిగొచ్చింది. కుళ్లాయప్ప బిడ్డను లాక్కుని గోడకు కరుచుకున్నాడు.

అరుపు ఆగింది. బసప్ప చచ్చి పడున్నాడు. మొండి మణికట్లు. చేతులు లేవు. సంచుల మధ్యా లేవు, చైనులోనూ లేవు.

ఎవరూ రాకముందే కుళ్లాయప్ప బిడ్డను భుజాలకెత్తుకుని, బండి తోసుకుంటూ శ్మశానానికి పరుగెత్తాడు. బేరం తెంచుకోవాలి. అదొక్కటే మనసులో ఉంది.

చంకకర్రలు సమాధి మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి పిడులను రెండు చేతులు బిగించి పట్టుకున్నాయి. ఉంగరాలున్న లావు వేళ్లు. బసప్పవి.

"నీ కాళ్లు నీకు తెచ్చినా అన్నా... నా బిడ్డవి ఇచ్చెయ్యి..." కుళ్లాయప్ప కర్రలు లాగాడు. వేళ్లూనిన చెట్లలా కదల్లేదు. బండి అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా నడిచాడు.

గాలి ఆగిపోయింది. సగం దారిలో నందిని అతని చెవి దగ్గరికి వంగింది.

"నాయనా... నా కాళ్లు కదులుతాండాయి."

ఈ మాట కోసమే కదా ఇన్నేళ్లూ మొక్కని దేవుడు లేడు! కుళ్లాయప్ప కిందికి చూశాడు. తన రొమ్ము మీద వేలాడుతున్న ఆ సన్నని పాదాల వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

"నువ్వేనా తల్లీ... కదిలిస్తాండేది?"

"నేను కాదు నాయనా."

కుడి మడమ అతని రొమ్ము మీద టక్కుమంది. ఎడమది దాని వెనకే, జరర్‌మని ఈడ్చుకుంటూ వచ్చింది.