నీలవ్వ గదుమ మీది చుక్క

ఆర్మూర్ బస్టాండు దగ్గరి టీవీల దుకాణంలో ఆ మధ్యాహ్నం బేరానికి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. బయట పసుపు బస్తాల లారీ పోయినప్పుడల్లా అద్దాల తలుపు సన్నగా వణికేది. గోడ నిండా టీవీలు. అన్నిటిలోనూ ఒకే చిలుక ఎగురుతోంది.

దుకాణంలో పనిచేసే ముఖేష్ మాకు ఎరికైన మనిషే.

"గంగాదాస్ కాకా, గిది ఎల్ఈడీ. బొమ్మ ముందల, లైట్లు వెనక. గందుకే నలుపు పెట్టినా జర బూడిద లెక్క కొడ్తది. గిది క్యూఎల్ఈడీ. దీనికీ వెనక లైట్లే గని రంగులు మస్తు. కిటికీలు తెరిచి పెట్టుకునే ఇంటికి గిదే మంచిది. గిది ఓఎల్ఈడీ. వెనక లైటే లేదు. ఒక్కో చుక్క దానంతట అదే వెలుగుతది. నలుపు కావాల్నంటే ఆ చుక్క ఆరిపోతది."

"ఆరిపోతే ఆడ ఏముంటది?"

"ఏమీ ఉండది కాకా. ఉత్త చీకటి."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను. అందులో నా భార్య నీలవ్వ ఉంది.

నీలవ్వ పోయి నెల దాటింది. ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించి దండ వేశాం గానీ, అందులో ఉన్నది ఎవరో పరాయి మనిషి. ఆమె కదిలే బొమ్మ ఒక్కటే మిగిలింది. పసుపు ఉడకబెట్టిన రోజు మా కోడలు స్వర్ణలత ఫోన్లో తీసింది. పసుపు కుప్ప వెనక షెడ్డు నీడలో నిలబడిన నీలవ్వ ఒక్కసారి ఇటు తిరుగుతుంది. ఆ తిరిగిన ముఖం చీకట్లో పడింది.

ఆ ముఖం నాకు కావాలి. ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు ఆమె ముఖం జారిపోతోంది. నడక గుర్తుంది. దగ్గు గుర్తుంది. కింది పెదవి కింద, గదుమ మీద పొడిపించుకున్న పచ్చబొట్టు చుక్క గుర్తుంది. కళ్లు మూసుకుంటే ఆ చుక్క ఒక్కటే వస్తుంది. చుట్టూ ముఖం రాదు.

ఎల్ఈడీలో ఆమె ముఖం బూడిద పొగ. క్యూఎల్ఈడీలో పసుపు కుప్ప నిప్పులా మండింది, ముఖం మాత్రం అట్లాగే ఉంది. ముఖేష్ పరదాలు లాగి మూడోది పెట్టాడు. చీకటి నుంచి కొంగు వేరు పడింది. చెంప గీత కనబడింది.

"గిదే" అన్నాను.

"నీ ఇంటికి వెలుతురెక్కువ కాకా. పైంగ ఒకటే బొమ్మ ఆపి పెడితే దీంట్ల మచ్చ పడ్తది. నా మాట ఇను."

"కిటికీలు నేను మూసుకుంట. నువ్వు డబ్బా కట్టు."

టీవీ కొనడానికి ఇంకో కారణం ఉంది. నీలవ్వ పేరున పిట్టకు పెట్టిన రోజు, ఇస్తారాకులో అన్నం, కూర వడ్డించి, దొప్పలో కల్లు పోసి చేను గట్టున పెట్టాం. కాకి రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు కోరిక మిగిలినట్టు. కొడుకు మొక్కాడు, చుట్టాలు మొక్కారు. ఎండ నెత్తికెక్కింది. నీలవ్వకు చూపు ఆనేది కాదు, చిన్న టీవీకి ముక్కు ఆనించి కూర్చునేది. అది గుర్తొచ్చి గట్టిగా అన్నాను.

"పెద్ద టీవీ తెస్త. ఇంట్ల జాగ ఇస్త. ఎట్లనన్న వచ్చి ముట్టు."

దూరం జరిగి, మళ్లీ వచ్చి చూస్తే దొప్ప ఎండిపోయి ఉంది. కాకి ముట్టిందని అందరూ దండం పెట్టారు. స్వర్ణలత ఒక్కతే నా చెవిలో గొణిగింది.

"కాకి రాలే మామా. నేను చూస్తనే ఉన్న."

"నువ్వు ఊకో" అన్నాను.

ఇంటికొచ్చి టీవీ బిగించినతను తెర మొత్తం తెల్లగా పెట్టి చూపించాడు. ఎక్కడా మచ్చ లేదు. కొడుకు పసుపు లోడుతో నిజామాబాద్ యార్డుకు పోయాడు. పొద్దు గూకుతుంటే కిటికీలు మూసి, నీలవ్వ ఇటు తిరిగిన చోట బొమ్మ ఆపి, ముందు కూర్చున్నాను. మూలన ఉన్న బస్తాల నుంచి ఉడికిన పసుపు వాసన.

చెంప గీత... నుదురు... ఇంకాస్త కనబడితే చాలు. నీలవ్వలాగే ముక్కు ఆనేంత దగ్గరికి జరిగాను.

అప్పుడు చూశాను. తెర కింది భాగంలో, పసుపు కుప్ప మీద, ఆవగింజంత నల్లచుక్క. తుడిచాను. పోలేదు.

పసుపు వాసన తగ్గింది. పులిసిన కల్లు వాసన వచ్చింది.

ఆపి పెట్టిన బొమ్మ... కదిలింది. ఏ వెలుగూ లేని చోటు నుంచి ఒక ముఖం ముందుకొచ్చింది. మెల్లగా. చూపు ఆననట్టు కళ్లు చికిలించి, అద్దం దాకా వచ్చింది. ముక్కు, చెంపలు, పెదవులు, అన్నీ ఉన్నాయి.

నీలవ్వేనా? నాకు తెలియలేదు. ఇంత దగ్గర చూసినా తెలియలేదు.

"నీలవ్వా..."

అది నా పెదవుల వైపు చూసింది.

"నువ్వేనానే? మరి నీ పచ్చబొట్టేదే?"

ముఖం ఆగింది. తర్వాత కొంచెం కొంచెంగా పైకి జరిగింది. ఒక పక్కకు ఒరిగింది. ఆ నల్లచుక్క సరిగ్గా దాని గదుమ నడిమికి వచ్చేదాకా జరిగి... నిలబడింది. పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. కానీ అర్థమైంది.

గిట్లనా?

వెనక గడపలోంచి స్వర్ణలత అంది.

"మామా... అత్తమ్మ చుక్క నడుమ కాదు. ఎడమ దిక్కు."

ఆ ముఖం విన్నది. చుక్క తన ఎడమ దిక్కుకు వచ్చేదాకా జరిగింది.

వైరు పట్టి గుంజాను. చీకటి. ఇద్దరం గోడకు ఆనుకుని తెల్లారేదాకా కూర్చున్నాం.

పొద్దున్నే నేను పిలిస్తే ముఖేష్ వచ్చి తెర తెల్లగా పెట్టాడు.

"ఏది కాకా మచ్చ? పాల లెక్క ఉన్నది."

దగ్గరికి పోయి చూశాను. చుక్క లేదు. అద్దమంతా తడిమాను. ఎక్కడా లేదు.

"మచ్చ పోయిందని ఏడ్సెటోన్ని నిన్నొక్కన్నే చూసిన" అని నవ్వుకుంటూ పోయాడు.

అతని బండి చప్పుడు సందు మలుపు తిరిగాక, వాకిట్లో చాటతో చెరుగుతున్న చప్పుడు మొదలైంది. నీలవ్వ చెరిగినట్టే, విసిరి విసిరి, ఆగి, దగ్గి.

స్వర్ణలత నా పక్కనే ఉంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మామా, అత్తమ్మనేనా?"

తలుపు సందులోంచి వీపు కనబడుతోంది. చాట ఆగింది. ఆ మనిషి మెల్లగా ఇటు తిరుగుతోంది.

చుక్క ఎడమ దిక్కునే ఉంటుంది. అది నాకు తెలుసు. దానికీ తెలుసు.